విందుకు వెళ్లే ముందు జమ్మిచెట్టు

మూడేళ్ల కిందట, అక్టోబరు నెలలో ఒక శనివారం సాయంత్రం, డాలస్‌కు ఉత్తరాన ఉన్న శివారులో ఒక మిత్రుడి ఇంటి పెరట్లో నిలబడి, సగం ఖాళీ అయిన బీరు గ్లాసు చేతిలో ఉండగా, నా కుడి నడుము దగ్గర చొక్కా కింద పిస్టల్ ఉందన్న సంగతి నాకు గుర్తుకు వచ్చింది. దానంతట అది గుర్తుకు రాలేదు. పరుగులాట ఆడుతున్న పిల్లవాడొకడు వచ్చి నాకు ఢీకొని, నుదురు రుద్దుకుంటూ, "అంకుల్, మీ దగ్గర ఏదో గట్టిగా ఉంది" అన్నాడు. వాడికి ఏడేళ్లు ఉంటాయేమో. వాడి నుదురు సరిగ్గా నా హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) ఎత్తుకు వస్తుందని అప్పుడే గమనించాను.

ఆ రోజు పొద్దున కారు టైర్లు మార్పించడానికి వెళ్లాను. అక్కడి నుంచి మందుల షాపుకు, అక్కడి నుంచి అమ్మాయిని సంగీతం క్లాసులో దించడానికి వెళ్లి, ఇల్లు చేరేసరికే ఆలస్యం కావడంతో చొక్కా మాత్రం మార్చుకొని విందుకు బయలుదేరాను. బయటికి వెళ్లినప్పుడల్లా ఆయుధం పెట్టుకొనే అలవాటు అప్పటికి నాలుగేళ్లుగా ఉంది. రోజూ మోసే బరువు ఒంటికి తెలియడం మానేస్తుంది. ముక్కు మీద కళ్లజోడు పెట్టుకొనే కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికిన మా తాతగారిని చూసి చిన్నప్పుడు నవ్వేవాళ్లం. నేను అంతకంటే ఘనంగా ఏమీ చేయలేదు, నేను మరచిపోయిన వస్తువు మాత్రం కళ్లజోడు కాదు.

గుర్తుకు వచ్చాక ఏం చేయాలన్నది వెంటనే తేలలేదు. బాత్రూములోకి వెళ్లి తీసి దాచవచ్చు. అయితే నలభై మంది వచ్చిపోయే ఇంట్లో దాన్ని ఎక్కడ దాచాలి? లైసెన్సు క్లాసులో మాకు పాఠం చెప్పిన ఆయన, టాయిలెట్ ట్యాంకు మీద పెట్టి మరచిపోయి వెళ్లేవాళ్ల గురించి అరగంట మాట్లాడాడు. కారు దగ్గరికి వెళ్లి డిక్కీలో పెట్టవచ్చు. కానీ తాగిన నోటితో, చీకట్లో, వీధిలో నిలబడి, తూటాలు నింపి ఉన్న ఆయుధాన్ని చేత్తో పట్టుకోవడం దేనికి? హోల్‌స్టర్‌లో కదలకుండా ఉన్న పిస్టల్ తనంతట తాను పేలదనీ, అవసరం లేకుండా దాని మీదికి చేయి వెళ్లినప్పుడే ఊహించని చప్పుడు వినిపిస్తుందనీ ఆయనే చెప్పాడు. అందుచేత గ్లాసు బల్ల మీద పెట్టాను, చేతులు నడుము దగ్గరికి పోనివ్వలేదు, మా ఆవిడను పక్కకు పిలిచాను.

"ఏమండీ, ఇంకా భోజనాలు కూడా పెట్టలేదు" అంది ఆమె.

"నడుముకు ఉంది. చూసుకోకుండా తాగాను."

ఆమె నా ముఖం వైపు చూడలేదు. బల్ల మీది గ్లాసు వైపు చూసి, అందులో ఎంత మిగిలిందో లెక్క వేసుకొని, చేయి చాచి కారు తాళాలు అడిగింది. దారిలో ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు. ఇంటికి వచ్చి హోల్‌స్టర్‌తో సహా ఊడదీసి ఇనప్పెట్టెలో పెట్టి తలుపు వేశాక, "ఆ పిల్లాడు ఎవరి అబ్బాయి?" అని మాత్రం అడిగింది.

మర్నాడు ఆ మిత్రుడే ఫోన్ చేశాడు. "సగం బీరుకే ఇంత రాద్ధాంతమా అన్నా? మా పెరట్లో నువ్వు చేసింది చట్టం ప్రకారం నేరమే కాదు కదా" అన్నాడు. అతను లైసెన్సు ఉన్నవాడే, చట్టం చదివినవాడే, పైగా అతను చెప్పింది నిజం. ఈ వ్యాసం నిజానికి ఆ ఫోన్ మాటకు ఇప్పటికి కుదిరిన సమాధానం.

టెక్సస్ చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. మద్యం మత్తులో ఉండి చేతి తుపాకీ మోయడం ఇక్కడ నేరం. అయితే మత్తు అంటే ఏమిటన్నదానికి శిక్షాస్మృతిలో ఉన్న నిర్వచనం కారు నడిపేవాళ్లకు వాడేదే: మనసూ ఒళ్లూ మామూలు స్వాధీనంలో లేకపోవడం, లేదా రక్తంలో ఆల్కహాలు 0.08 శాతం గానీ అంతకు మించి గానీ ఉండడం. అంటే గ్లాసు ముట్టుకోవడం నేరం కాదు, మత్తెక్కడం నేరం. అది కూడా సొంత ఇంట్లోనో, సొంత కారులోనో, యజమాని సమ్మతితో మరొకరి ఇంటి ఆవరణలోనో ఉన్నవాడికి వర్తించదు. ఆదాయంలో 51 శాతమో అంతకు మించో అక్కడే కూర్చొని తాగే మద్యం మీద వచ్చే చోట్ల గుమ్మం దగ్గర ఎర్ర అంకెలతో '51%' అని బోర్డు ఉంటుంది. ఆ గడప దాటి ఆయుధంతో లోపలికి వెళ్లడం తీవ్రమైన నేరం. కానీ ఈ దేశంలో మన తెలుగువాళ్లు ఎక్కువగా తాగేది బార్లలోనా? పుట్టినరోజులకు, గృహప్రవేశాలకు, క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రులకు, ఎవరో ఒకరి పెరట్లో, గ్యారేజీలో. సరిగ్గా ఆ చోటనే చట్టం నోరు మూసుకుంటుంది. అక్కడ కాపలా ఉండవలసింది మనమే.

అన్ని రాష్ట్రాలూ ఇంత ఉదారంగా లేవు. నార్త్ కరోలినాలో లైసెన్సు మీద ఆయుధం దాచి మోసేవాడి ఒంట్లో, అంతకు ముందు తాగిన మద్యం ఏ కొంచెం మిగిలి ఉన్నా తప్పే. మిషిగన్‌లో 0.02 దగ్గరే గీత గీశారు. వర్జీనియాలో ఆయుధం దాచుకొని మద్యం అమ్మే రెస్టారెంటులోకి వెళ్లవచ్చు గానీ, వెళ్లినవాడు తాగకూడదు. తుపాకీని ప్రాణంలా చూసుకొనేవాళ్లు దండిగా ఉన్న రాష్ట్రాలే ఇవి. కనుక తాగేటప్పుడు ఆయుధం వద్దనడం తుపాకీ అంటే గిట్టనివాళ్ల మాట అని కొట్టిపారేయడం కుదరదు.

ఇక మోతాదు సంగతి. అమెరికాలో ఒక డ్రింకు అంటే 14 గ్రాముల శుద్ధమైన ఆల్కహాలు: 5 శాతం బీరైతే 12 ఔన్సుల సీసా, 40 శాతం విస్కీ అయితే 44 మిల్లీలీటర్లు. మన ఇళ్లలో పోసే పెగ్గును ఎవరు కొలిచారు? పోసేవాడి ప్రేమను బట్టి అది 60 అవుతుంది, 90 అవుతుంది, ఐసు కరిగాక మరికొంత కలుస్తుంది, "ఒకటే తాగాను" అన్నవాడు అబద్ధమేమీ ఆడడు. తాగి బండి నడపడం మీద ఇక్కడి రవాణా భద్రతా శాఖ ప్రచురించే పట్టికలో 0.02 దగ్గరే వివేచన కొంత తగ్గుతుందనీ, ఒకేసారి రెండు పనుల మీద దృష్టి పెట్టే శక్తి మందగిస్తుందనీ ఉంది. సగం బీరుతో నేను అంత దూరం కూడా వెళ్లి ఉండను. ఆ సంగతి ఒప్పుకుంటాను. నా చేయి వణకలేదు, నాలుక తడబడలేదు. మిత్రుడి వాదన బలమంతా ఇందులోనే ఉంది.

కానీ నా అనుభవంలో నన్ను కలవరపెట్టింది ఆ సగం బీరు కాదు. నేను మరచిపోయింది తాగిన తరవాత కాదు, తాగకముందే. పూర్తి స్పృహలో, పగటి వెలుగులో, నాలుగేళ్ల అలవాటు ఉన్న మనిషికి తన ఒంటి మీద ఆయుధం ఉన్న సంగతి తట్టకపోతే, రెండు పెగ్గుల తరవాత "ఇక చాలు, నా దగ్గర ఆయుధం ఉంది" అని తనకు తాను చెప్పుకోగలడని ఎలా నమ్మడం? ఎంత తాగామో తూచి చెప్పవలసిన త్రాసునే మద్యం ముందుగా పాడు చేస్తుంది. కనుక ఆ తూకం పెరట్లో వేయకూడదు, మన ఇంటి గుమ్మం దగ్గర, కాళ్లకు చెప్పులు తొడుక్కొనే ముందే వేయాలి. అక్కడ వేసే తూకం కూడా సులువుగా ఉండాలి: ఇంత అయితే ఫరవాలేదు, అంత అయితే కాదు అని లెక్కలు కట్టేలా ఉండకూడదు. ఈ రాత్రి తాగుతానా, అయితే ఆయుధం ఇంట్లో ఉంటుంది. ఆయుధం వెంట వస్తుందా, అయితే చుక్క ముట్టను.

ఈ మాట అనగానే ఎదురయ్యే వాదన ఒకటుంది. దాన్ని తేలిగ్గా తోసేయలేను, ఎందుకంటే టెక్సస్‌లో నాకు లైసెన్సు దొరకడానికి కారణమే ఆ వాదన. 1991 అక్టోబరు 16న కిలీన్ పట్టణంలో ఒక కెఫెటేరియాలోకి ఒకడు ట్రక్కుతో అద్దాలు బద్దలు కొట్టుకొని దూసుకొచ్చి 23 మందిని కాల్చి చంపాడు. ఆ మధ్యాహ్నం సుజానా హప్ అనే ఆవిడ తల్లిదండ్రులతో అక్కడ భోంచేస్తోంది. ఆమెకు తుపాకీ ఉంది, కానీ అప్పటి చట్టం ఒప్పుకోదని కారులో వదిలి వచ్చింది. అక్కడే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుంది. తరవాత ఆమె ఊరూరా తిరిగి చెప్పిన సాక్ష్యం 1995లో దాచి మోసే లైసెన్సు చట్టం రావడానికి గట్టి తోడ్పాటు అయింది. మరుసటి ఏడాది ఆమె శాసనసభకు కూడా ఎన్నికైంది. "ఇంట్లో పెట్టి వెళ్లిన రోజే అవసరం పడుతుంది" అని మా మిత్రులు అన్నప్పుడల్లా ఆమె కథ దాని వెనుక నిలబడి ఉంటుంది.

నేను ఆ కథను గౌరవిస్తాను. అయితే ఆమె ఆ రోజు వెళ్లింది భోజనానికి. ఆమె చేతిలో ఆయుధం ఉండి ఉంటే ఏమయ్యేదని మనం ఊహించుకొనేటప్పుడు ఆ ఊహలోని చేయి స్థిరంగా ఉంటుంది, చూపు చురుగ్గా ఉంటుంది, గురికి వెనకాల ఎవరున్నారో చూసుకొనే నిదానం ఉంటుంది. ఆ చేతిలో మూడో పెగ్గు పెట్టి అదే కథ మళ్లీ చెప్పుకుంటే ఎలా ఉంటుంది? జనం హాహాకారాలు చేస్తూ అటూ ఇటూ పరుగెత్తే గదిలో తాగి ఉన్నవాడు తీసిన తుపాకీ రక్షణ కాదు, రెండో ప్రమాదం. పైగా పోలీసులు లోపలికి వచ్చేసరికి వాళ్లకు కనిపించేది, చేతిలో తుపాకీతో, నోట్లో మందు వాసనతో, వాళ్లు నోరు తిరగక పలకలేని పేరున్న మనిషి. ఆ ఘడియలో ఆయుధం మోసే లైసెన్సు (ఎల్‌టీసీ) కార్డు తీసి చూపించే తీరిక ఎవరూ ఇవ్వరు.

మన సమాజంలో చాలామంది మొదటి పిస్టల్ కొన్న కారణం మాత్రం కిలీన్ కాదు, ఓలేథ్. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఆ ఊళ్లో, ఆఫీసు ముగించుకొని రోజూ వెళ్లే బార్ ఆవరణలో కూర్చొన్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లను ఒకడు నానా మాటలు అని, మా దేశం విడిచి పొమ్మని అరిచాడు. అక్కడివాళ్లు వాడిని బయటికి పంపేశారు. వాడు తుపాకీతో తిరిగి వచ్చాడు. ఇద్దరిలో ఒకరు చనిపోయారు, రెండోవారికి గాయాలయ్యాయి. బల్ల కింద దూరి తూటాలు లెక్క పెట్టుకొని, అయిపోయాయనుకొని, ఖాళీ చేతులతో వాడి మీదికి ఉరికిన ఇరవై నాలుగేళ్ల అమెరికన్ కుర్రవాడు తానూ తూటా తిన్నాడు, బతికి బయటపడ్డాడు. ఆ వారం రోజులు మా ఇళ్లలో పెళ్లాలు మొగుళ్లను కిరాణా కొట్టుకు కూడా ఒంటరిగా పంపలేదు. మరుసటి నెల నుంచి ఆదివారాలు షూటింగ్ రేంజ్‌లో తెలుగు వినిపించడం మొదలైంది. నేనూ ఆ వెల్లువలో వెళ్లినవాడినే.

ఆ సంఘటన నుంచి మేము నేర్చుకున్న పాఠం "మన దగ్గరా ఒకటి ఉండాలి" అన్నది. అది తప్పు పాఠమని అనను. కానీ దాని పక్కనే ఉన్న రెండో పాఠాన్ని మేము చదవలేదు. ఆ హంతకుడి ద్వేషాన్ని మద్యం పుట్టించలేదు. అది వాడి లోపల ఎప్పటి నుంచో ఉంది, ఆ నేరానికి మద్యం మీద నెపం వేయడానికి నేను ఒప్పుకోను. అయినా ఆ సాయంత్రం వాడు కూర్చొని తాగిందీ, గొడవకు దిగిందీ, అవమానంతో వెనుదిరిగిందీ, మళ్లీ వచ్చిందీ ఒక బార్‌కే. గ్లాసు, మాటామాటా, గాయపడ్డ అహం, చేతికి అందే తుపాకీ అనే ఆ వరుస ఒక్క జాతివాళ్ల సొత్తు కాదు. మా పెరళ్లలో మొదటి మూడూ ప్రతి శనివారం ఉంటాయి. రాజకీయం మీద, సినిమా హీరో మీద, ఎప్పటిదో చిట్‌ఫండ్ బాకీ మీద.

ఇది మనకు కొత్త సంగతీ కాదు. తెలుగులో ఒక కుటుంబంలో కలహం మొదలైతే "ముసలం పుట్టింది" అంటాం. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోండి. మౌసల పర్వంలో ఊళ్లో మద్యం తయారు చేయకూడదని ద్వారకలో చాటింపు వేయిస్తారు. తరవాత యాదవులంతా ప్రభాస తీర్థానికి వెళ్తారు, అక్కడ తాగుతారు. తాగిన మత్తులో సాత్యకి కృతవర్మను ఎత్తిపొడుస్తాడు, నిద్రపోతున్నవాళ్లను చంపిన వీరుడివని. కృతవర్మ ఊరుకోడు, చేయి తెగి ప్రాయోపవేశంలో కూర్చొన్న భూరిశ్రవుణ్ని చంపిన నీ సంగతేమిటంటాడు. యుద్ధం ముగిసి అప్పటికి ముప్ఫై అయిదేళ్లు దాటింది. సాత్యకి లేచి కృతవర్మ తల నరికేస్తాడు. ఆ తరవాత ఎవరి చేతికి ఏది అందితే అది ఆయుధమైంది, ఒడ్డున మొలిచిన తుంగ పరకలు కూడా. శాపం సంగతి పక్కన పెట్టి చూడండి: కురుక్షేత్రంలో బతికి బయటపడ్డ మహా యోధులు, ఆయుధం గురించి నేర్వవలసిందేదీ మిగలనివాళ్లు, ఒక విహారయాత్రలో ఒకరినొకరు చంపుకొన్నారు. నేర్పు వాళ్లను కాపాడలేదు.

నేర్పు కాపాడదనడానికి అంత వెనక్కి పోనక్కరలేదు. 2018 జూన్‌లో డెన్వర్ నగరంలో, డ్యూటీలో లేని ఒక ఎఫ్‌బీఐ ఏజెంటు, రాత్రి పూట ఒక బార్‌లో నాట్యం చేస్తూ పిల్లిమొగ్గ వేశాడు. నడుము దగ్గరి పిస్టల్ కింద పడింది. దాన్ని గబుక్కున అందుకోబోయేసరికి అది పేలి, పక్కన ఉన్న ఒక మనిషి కాలికి తూటా తగిలింది. అతను చేతులు ఎత్తుకొని వెనక్కి నడిచిన వీడియో దేశమంతా చూసింది. అంతకు పదేళ్ల ముందు, 2008 నవంబరులో, ఆ ఏడాదే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో గెలుపు బంతి పట్టిన ఆటగాడు ప్లాక్సికో బరెస్, న్యూయార్క్ నైట్‌క్లబ్బులో ఊడిపోతున్న ప్యాంటులోంచి జారుతున్న పిస్టల్‌ను ఆపబోయి తన తొడలోనే కాల్చుకున్నాడు, అక్కడ చెల్లే లైసెన్సు లేని ఆయుధం మోసినందుకు రెండేళ్ల శిక్ష పడింది. ఈ రెండింట్లోనూ శత్రువు లేడు. హోల్‌స్టర్ లేదు, లేదా పట్టు లేదు. చోటు తాగే చోటు. జారుతున్న వస్తువును పట్టుకోవాలని ఒంటికి పుట్టే ఆత్రం. కింద పడే తుపాకీని పడనివ్వాలన్నది మాకు చెప్పే పాఠం, ఎందుకంటే పట్టుకోబోయే వేలు ట్రిగ్గర్ మీదికే పోతుంది. తాగని మనిషికే ఆ పాఠం ఆ క్షణంలో గుర్తుకు రావడం కష్టం.

అందుకే హోల్‌స్టర్ గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. పిస్టల్ మీద ఏడు వందల డాలర్లు పెట్టి, హోల్‌స్టర్ మీద పదిహేను డాలర్లు పెట్టే మహానుభావులు మనలో చాలామంది ఉన్నారు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే, కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌దో, మంచి తోలుదో హోల్‌స్టర్ ఉండాలి, దాన్ని మోయడానికి ఒంగని బెల్టు ఉండాలి. ట్రాక్ ప్యాంటుకు క్లిప్పు తగిలించుకొని వచ్చి సోఫాలో కూలబడేవాడి ఆయుధం అతను లేచేసరికి దిండ్ల సందులో ఉంటుంది, ఆ సోఫా మీద తరవాత ఎక్కేది పిల్లలు. హ్యాండ్‌బ్యాగులో వేసుకోవడం అంతకంటే ప్రమాదం: 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో ఒక షాపులో, రెండేళ్ల పిల్లవాడు తల్లి బ్యాగులోంచి తుపాకీ తీసి ఆమెనే కాల్చాడు. ఆమె లైసెన్సు ఉన్నదే, ఆయుధం అలవాటు ఉన్నదే. టెక్సస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లలకు నింపిన తుపాకీ అందేలా వదిలిపెడితే నేరమని చట్టం ఉంది, కానీ శిక్ష గురించి ఆలోచించేసరికి జరగవలసింది జరిగిపోయి ఉంటుంది.

గన్‌సైట్ శిక్షణశాలను 1976లో అరిజోనాలో స్థాపించిన జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు నియమాలను ప్రతి రేంజ్ గోడ మీదా చూడవచ్చు. ప్రతి తుపాకీనీ నింపి ఉన్నదిగానే చూడు; నాశనం చేయదలచనిదాని వైపు గొట్టం తిప్పకు; గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు; గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో. ఈ నాలుగూ మెలకువగా ఉన్న మనసును అడిగేవే. నేను వీటికి అయిదోది ఒకటి చేర్చుకున్నాను: నడుముకు ఆయుధం ఉన్నవాడు ప్రతి గొడవలోనూ ఓడిపోవాలి. పార్కింగ్ దగ్గర ఎవడైనా తిడితే సారీ చెప్పాలి, తప్పు వాడిదైనా సరే. హైవే మీద కోసుకుంటూ వెళ్లినవాడిని పోనివ్వాలి. విందులో మన ఊరినో మన కులాన్నో ఎవరైనా ఎద్దేవా చేస్తే నవ్వి అవతలికి వెళ్లాలి. తాగిన తెలుగువాడు వాదనలో ఓడిపోవడం మీరు ఎప్పుడైనా చూశారా? అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్న సామెతలో తేలు కుట్టడం ఇంకా మిగిలే ఉంటుంది. ఆ తేలును మనమే మొలలో పెట్టుకొని వెళ్తున్నాం.

ఒక మాట కుర్రవాళ్ల కోసం చెప్పాలి, ఎందుకంటే నన్ను అడిగేవాళ్లలో సగం మంది వాళ్లే. ఎఫ్-1 చదువు వీసా మీదో, హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదో ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండడమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. ఉన్న మినహాయింపుల్లో తరచుగా వాడేది వేట లైసెన్సు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి ఇరవై ఒక్కేళ్లు దాటినవాళ్లు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ మోయవచ్చని చట్టం మారింది గానీ, అది ఫెడరల్ చట్టం అనర్హులన్నవాళ్లను అర్హులను చేయదు. స్నేహితుడి పిస్టల్ పార్టీలో చేతులు మారుతుంటే, "ఒకసారి ఇటివ్వరా" అని పట్టుకొని ఫోటో దిగడంతో వీసాకే ముప్పు రావచ్చు. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ నుంచి వచ్చిన ఒక విద్యార్థి, తన పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఇక్కడ చదువుకొనే పిల్లలు తుపాకీ కొనగలరన్న సంగతే ఊళ్లో తల్లిదండ్రులకు తెలియదు.

ఆ 2021 మార్పుతో జరిగిన నష్టం ఇంకొకటుంది. లైసెన్సు అక్కరలేకపోయేసరికి క్లాసు కూడా అక్కరలేకుండా పోయింది. నాలుగు నుంచి ఆరు గంటల పాఠం, ఆ తరవాత మూడు, ఏడు, పదిహేను గజాల దూరాల నుంచి యాభై తూటాలు కాల్చి 250కి 175 తెచ్చుకోవడం అంత కఠినమైన పరీక్ష ఏమీ కాదు. అయినా ఆ కొద్ది గంటల్లో ఎక్కడ మోయకూడదో, పోలీసు కారు ఆపితే చేతులు స్టీరింగ్ మీద ఎలా ఉంచాలో, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో ఎవరో ఒకరు చెప్పేవారు. ఇప్పుడు కొట్టులో కొనుక్కొని నేరుగా విందుకు రావచ్చు. నా లెక్కలో, లైసెన్సు అవసరం లేకపోయినా ఆ క్లాసుకు వెళ్లనివాడు ఆయుధం మోయడానికి సిద్ధంగా లేనట్లే.

ఇక మా ఇంట్లో మేము చేసుకున్న ఏర్పాటు. ఆ అక్టోబరు తరవాతి ఏడాది దసరాకు మా అమ్మ గుడివాడ నుంచి వచ్చింది. ఆయుధపూజ నాడు అల్మరాలో ఉన్న ఇనప్పెట్టెను చూసి, అదేమిటో చెప్పించుకొని, "జమ్మిచెట్టన్నమాట" అంది. విరాటుడి కొలువులోకి వెళ్లే ముందు పాండవులు ఆయుధాలన్నీ మూటగట్టి శ్మశానంలోని జమ్మిచెట్టు మీద పెట్టారు కదా. వంటవాడిగా, నాట్యం నేర్పేవాడిగా బతకవలసిన ఇంట్లోకి గాండీవంతో వెళ్లడం కుదరదు గనుక. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ బొట్టు మరక ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఏ విందుకైనా బయలుదేరే ముందు మా ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే: "జమ్మిచెట్టా, మజ్జిగా?" నేను జవాబు చెప్పేదాకా ఆమె తాళాలు ఇవ్వదు.

రెండో ఏర్పాటు అతిథుల కోసం. గుమ్మం లోపల చెప్పుల స్టాండు పక్కన అంకెల తాళం ఉన్న చిన్న ఉక్కు పెట్టె ఒకటి గోడకు బిగించాను. మా ఇంట్లో తాగదలచినవాళ్లు చెప్పులతో పాటు దాన్నీ అక్కడ విడవాలి, హోల్‌స్టర్ లోంచి తీయకుండా, హోల్‌స్టర్‌తో సహా. తాళం అంకెలు ఎవరివి వారివే, మళ్లీ తీసుకొనేది తాగనివాళ్లు ఎవరైనా కారు నడిపేటప్పుడు, లేదా మర్నాడు. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు. ఒకాయన అయితే, "నన్ను నమ్మవా అన్నా?" అని అడిగి, రెండు నెలలు మా ఇంటికి రాలేదు. నన్నే నేను నమ్మకపోవడం వల్ల వచ్చిన పెట్టె అది అని అతనికి ఎలా చెప్పాలో నాకు అప్పుడు తెలియలేదు.

మొన్న దీపావళికి అతను వచ్చాడు. సగం బీరుకే రాద్ధాంతమా అన్న మిత్రుడు కూడా వచ్చాడు. మిత్రుడు ఏమీ మాట్లాడకుండా చెప్పులు విడిచి, బెల్టు సడలించి, హోల్‌స్టర్ తీసి పెట్టెలో పెట్టి, మూత వేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. నొచ్చుకొన్నాయన మాత్రం పెట్టె దగ్గర ఆగి, కాసేపు చూసి, "నేను పెట్టను" అన్నాడు. సరే అన్నాను. అతను రాత్రంతా మజ్జిగ తాగాడు, ఎవరు ఎంత ఎగతాళి చేసినా నవ్వి ఊరుకున్నాడు, పదకొండున్నరకు పెట్టెలో వస్తువు ఉన్న మిత్రుణ్ని తన కారులో ఎక్కించుకొని ఇంటి దగ్గర దించాడు. మర్నాడు మధ్యాహ్నం మిత్రుడు భోజనానికి వచ్చి తన ఆయుధం తీసుకొని వెళ్లాడు.